ఎదుటి చెయ్యి

మా వాకిట్లోని ఇనుప బెంచీని బాగు చేసుకోవాలని అనుకున్నప్పుడే, అది ఒక్క మనిషితో అయ్యే పని కాదని నాకు తెలుసు. తెలిసే మొదలుపెట్టాను.

మాది ఎడపల్లికి దగ్గరి పల్లె. ఆ బెంచీ మా ఇంటికి వచ్చిన రోజుల్లో చుట్టూ చెరుకే ఉండేది. బోధన్‌లో ఫ్యాక్టరీ నడిచేది. చెరుకు బండ్లు మా వాకిలి ముందు నుంచే పోయేవి. వాటి వెనక పరుగెత్తి గడలు గుంజుకునే పిల్లల కేకలతో చలికాలమంతా సందడిగా ఉండేది. ఒక ఏడు పంట బాగా వచ్చిందని మా ఆయన లింబయ్య బోధన్‌లో ఇనుప పైపులతో ఇద్దరు కూర్చునే బెంచీ చట్రం ఒకటి వెల్డింగు చేయించి తెచ్చాడు. దాని మీద చెక్క పలకలు బిగించాలని అతని ఆలోచన.

"చెక్కలెందుకు బావా, వానకు ఉబ్బుతయి. దాని మీద మేం అల్లుతం" అన్నది తలుపు చాటు నుంచి ఇందుబాయి.

ఇందుబాయి నా యారాలు. మా మరిది దశరథం భార్య. మద్నూరు అవతల, మరాఠీ మాట్లాడే ఊరి నుంచి వచ్చిన పిల్ల. ఆ కాలంలో ఆడవాళ్ళం తీరిక దొరికితే ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లేవాళ్ళం. కూరగాయల బుట్ట, టిఫిను బుట్ట, పెళ్ళికూతురితో పంపడానికి మూత బుట్ట. ఆ వైరుతోనే బెంచీకి కూర్చునే చోటూ వీపు ఆనే చోటూ అల్లేశాం. పచ్చ వైరు, తెల్ల వైరు, గళ్ళు గళ్ళుగా. అయ్యాక మా ఆయన దాని మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూశాడు. "పరుపు లెక్కున్నది" అన్నాడు. ఆ తర్వాత అది మగవాళ్ళకు దొరికింది తక్కువ. పొద్దు వాలేసరికి మేమిద్దరం దాని మీదే ఉండేవాళ్ళం. చిక్కుడుకాయలు ఒలిచినా, పిల్లల తలలు దువ్వినా, ఏ పనీ లేక ఊరికే రోడ్డు చూసినా అక్కడే.

ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఆయన వరికి తిరిగాడు. మరిది మాత్రం చెరుకు వదలనన్నాడు, దూరపు ఫ్యాక్టరీకి పంపుకుంటానన్నాడు. పై మడి మాది, కింది మడి వాళ్ళది. వరికి నిలబెట్టిన నీళ్ళు గట్టు కింది నుంచి ఊరి ఊరి కింది చెరుకు వేర్లను కుళ్ళబెట్టాయి. నీళ్ళు ఆపమని తమ్ముడు, వరికి నీళ్ళు ఆపేదెట్లా అని అన్న. గట్టు మీద మొదలైన మాట ఇంట్లోకి వచ్చింది, ఇంట్లో నుంచి బజారుకు పోయింది. చివరికి మరిది తన వంతు పొలం అమ్మేసి, పెళ్ళాం పిల్లలతో నిజామాబాద్ వెళ్ళిపోయాడు. అన్నదమ్ములకు మాటలు బందయ్యాయి.

మా ఇద్దరినీ మాట్లాడుకోవద్దని ఎవరూ అనలేదు. కానీ మగవాళ్ళు మాట్లాడుకోని ఇళ్ళలో ఆడవాళ్ళ మాటకు దారి ఎక్కడుంటుంది? ఏ పెళ్ళిలోనో కనబడితే "మంచిగున్నవా అక్కా", "మంచిగున్న". అంతే. పక్కన ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ఎవరూ లేకపోయినా, అన్నేళ్ళ మాటల్లో ఏది ముందు అందుకోవాలో తెలియక ఇద్దరం అన్నం విస్తరి వైపు చూసేవాళ్ళం.

నేను బెంచీ మీద కూర్చోవడం మానేశాను. ఒక్కదాన్నే కూర్చుంటే పక్కనున్న ఖాళీ ఎవరో అలిగి కూర్చున్నట్టు ఉండేది. ఎండకు వైరు రంగు పోయింది, పెళుసైంది. వానకు పైపులు తుప్పు పట్టాయి. ఈ ఎండాకాలం మొదట్లో, పాలు పోయడానికి వచ్చే రాములవ్వ ఎండకు సొలసి దాని మీద కూలబడింది. టపటపమని వైర్లు తెగి ఆమె నడుము దాకా కిందికి దిగిపోయింది. కాళ్ళు పైకి లేచాయి.

"ఓయమ్మో, ఇరుకవడ్డ! గుంజుర్రి, గుంజుర్రి!"

మా ఆయన ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టి లాగాం. లేచాక ఆమె చీర సర్దుకుని బెంచీని కాలితో ఒక్క తన్ను తన్నింది. "గిది కుర్సీ కాదు, ఎలుకల బోను. ఇంట్ల పెట్టుకొని మనుషులను పడుతున్నరా?"

మా ఆయన నవ్వాడు. నవ్వి, "పాత ఇనుపసామానోడు వస్తె ఇచ్చెయ్యి. ఇంకేం పనికొస్తది" అన్నాడు నాతో.

"ఇయ్య" అన్నాను. "నేను బాగు చేసుకుంట."

అతను నా మొహం కేసి చూసి, తువ్వాల దులుపుకుని లోపలికి పోయాడు.

శనివారం ఇనుము పని మొదలుపెట్టవద్దంటారు. శనివారాలు నాకు ఒక్కపొద్దు కూడా. ఆ రోజు లింబాద్రి నరసింహస్వామిని తలుచుకుని దీపం పెట్టి, మరునాడు పొద్దున్నే బెంచీకి పసుపు కుంకుమ పెట్టి పనిలోకి దిగాను. ఇనుప బెంచీకి బొట్టేమిటని మా అమ్మాయి నిరోష నవ్వుతుంది. నాగలికి పెడతాం, తిరగలికి పెడతాం, మోటారుకు పెడతాం. మనల్ని మోసేదానికి పెడితే తప్పా?

పాత వైరంతా కత్తెరతో కోసి తీసేశాను. చేతిలోకి రాగానే కొంత పొడి పొడిగా రాలిపోయింది. చట్రం తలకిందులు చేసి ఉప్పుకాగితంతో తుప్పు రుద్దాను. కాళ్ళ దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేచింది. లోపల ఇనుము ఇంకా గట్టిగానే ఉంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఎర్ర ప్రైమరు పూసి, ఆరాక నల్ల రంగు వేశాను. వేలి సందుల్లో రంగు పోక దేవుని దగ్గర పువ్వు పెట్టేటప్పుడు సిగ్గేసేది. అయినా ఆ రోజుల్లో నా మనసు తేలికగా ఉండేది. ఒక మనిషి వస్తుందని ఇల్లు అలికినట్టు ఉండేది.

బోధన్ బజారులో కొత్త వైరు కట్టలు తెచ్చాను. పచ్చ దొరికింది. తెల్లది దొరకలేదు, పసుపు తీసుకున్నాను. అంతలో నిరోష కోటగిరి నుంచి, అత్తగారింటి నుంచి, వచ్చింది. తనని బెంచీకి అవతలి పక్క కూర్చోబెట్టాను.

అల్లిక ఎట్లా సాగుతుందో చెప్పాలి. పొడుగు వైర్లు ముందే చట్రానికి బిగించి ఉంటాయి. అడ్డం వైరును ఈ పక్కనున్న మనిషి కింద, మీద, కింద, మీద దూర్చి అవతలికి అందించాలి. అవతలి మనిషి అందుకుని, పైపుకు చుట్టి, గట్టిగా గుంజి తిరిగి ఇటు పంపాలి. నిరోషదీ నాలాగే కుడిచేతి వాటం, నా కుడిచెయ్యి ఇస్తుంటే తన కుడిచెయ్యే అందుకోవాలి. ఎదురెదురుగా కూర్చుంటే నా కుడిచేతికి ఎదురుగా ఉండేది తన ఎడమచెయ్యి. వైరు ఐమూలగా పోయి, తన మోకాళ్ళ మీద చిక్కుపడి, గుంజేసరికి గళ్ళు పక్కకు ఒరిగిపోయాయి.

"అమ్మా, ఉండు, యూట్యూబ్ల సూస్త" అన్నది.

"అండ్ల ఉండదే ఇది."

"అన్నీ ఉంటయి." వేలితో ఫోను రుద్ది రుద్ది, ఎవరో ఒక్కరే కూర్చుని అల్లే కుర్చీలు చూపించింది. "గిట్ల ఒక్కదానివే అల్లుకోరాదు?"

ఒక్కదాన్నే ప్రయత్నించాను కూడా. ఇటు దూర్చి, లేచి, చుట్టూ తిరిగి అటు పోయి, గుంజి, మళ్ళీ ఇటు రావాలి. అంతలో ఇటు పక్క వదులైపోతుంది. నిరోష గడప మీద కూర్చుని చాయ్ తాగుతూ నా తిరుగుడంతా చూసింది.

"అప్పట్ల ఎట్ల అల్లిండ్రమ్మా గింత సాపుగ?"

"మీ చిన్నమ్మది పుర్రశెయ్యి."

అప్పుడు దానికి అర్థమైంది. ఇందుబాయి ఎడమచేతి వాటం మనిషి. నా కుడికి ఆమె ఎడమ సరిగ్గా ఎదురు. వైరు అద్దంలోకి పోయి అద్దంలో నుంచి వచ్చినట్టు సూటిగా నడిచేది. మాటలు చెప్పుకుంటూ, చేతుల వైపు చూడకుండానే అల్లేవాళ్ళం.

"మరి చిన్నమ్మను పిలువరాదు?"

"ఎట్ల పిలుస్త?"

"ఫోన్ చేసి పిలుస్తరు ఎవలన్న. బాపు ఏమంటడు?"

"ఏమనడు. అనకపోవుడే గద బాధ."

నిరోష గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది. "ఆమె రాదు, నువ్వు పిలువవు. బెంచీకి కాళ్ళున్నయి గద, అది పోతది" అన్నది నవ్వుతూ. నిరోష కోటగిరి వెళ్ళిపోయాక కూడా ఆ మాట నాతోనే ఉండిపోయింది.

మా అత్త బతికున్నప్పుడు ఇందు ఎడమచెయ్యి మా ఇంట్లో పెద్ద గొడవ. వడ్డించేటప్పుడు ఎడమచెయ్యి ముందుకొస్తే అత్త గరిటె లాక్కునేది. వంట దగ్గర కొన్నాళ్ళు ఆ చేతికి బట్ట కూడా చుట్టింది, మరిచిపోకుండా ఉంటుందని. పసుపు కుంకుమ ఇవ్వాలన్నా, దీపం ముట్టించాలన్నా ఇందు ఒక్క నిమిషం ఆగి, ఏది కుడి అని లోపల లెక్క చూసుకుని అప్పుడు చెయ్యి కదిపేది. వైరు పని ఒక్కటే అత్త వదిలిపెట్టింది. "దేవుని పని కాదు, తినే పని కాదు. ఏ శెయ్యితోనన్న సావనీ" అనేది. అందుకేనేమో, బెంచీ ముందు కూర్చుంటే ఇందు చెయ్యి దూడ తాడు తెంపుకున్నట్టు పరుగెత్తేది.

ఒక పొద్దున మా ఆయన పొలానికి బయలుదేరుతుంటే చెప్పాను. "బెంచీ అల్లిచ్చుకొస్త. నిజామాబాద్ పోయి."

"బోధన్‌ల అల్లెటోళ్ళు లేరా?"

"ఉన్నరు."

తువ్వాల భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. పొలానికి వెళ్ళిపోయాడు.

మా ఊరి పోశన్న ట్రాలీ ఆటో మార్కెట్ పని మీద నిజామాబాద్ పోతోంది. బెంచీని అందులో ఎక్కించి, వైరు కట్టలు సంచిలో వేసుకుని, నేను ముందు సీట్లో కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి చూస్తుంటే పోశన్నకు నవ్వొచ్చింది.

"ఏం చెల్లె, బిడ్డను అత్తగారింటికి తోలుకపోతున్నట్టు చూస్తున్నవ్?"

"తాడు సడలుతదేమోనని."

"తాడు కాదు, నీ మనసే సడలుతున్నది. గిప్పుడన్న చెప్పు, ఆమె ఇంట్ల ఉన్నదా లేదా తెలుసుకున్నవా?"

తెలుసుకోలేదు. ఫోను చేస్తే వద్దంటుందేమోనని చేయలేదు.

నిజామాబాద్‌లో బస్టాండు వెనక గల్లీలో వాళ్ళిల్లు. కింద రోడ్డు మీదికి ఒక రేకుల చాటున జొన్న రొట్టెల సెంటర్, పైన రెండు గదులు. గల్లీ పేరు నిరోష చెప్పిందే. పోశన్న ఆటో ఆపేసరికి ఇందు పొయ్యి ముందు పీట మీద కూర్చుని పిండి పిసుకుతోంది. తల సగం నెరిసింది. నన్ను చూసి లేవబోయి, పిండి చేతులతో లేవలేక మళ్ళీ కూర్చుంది.

"అగ్గబాయి! అక్కా! ఎవలకేమైంది?"

"ఎవలకేం కాలే. అందరు మంచిగున్నరు."

"మరేంది గిట్ల చెప్పక చెయ్యక? బావ మంచిగున్నడా? నిరోష?"

"అందరు మంచిగున్నరంటున్న గద." వెనక్కి చూపించాను. "అల్లుటానికి తెచ్చిన."

ఇందు మెడ చాచి ట్రాలీలోకి చూసింది. నల్ల రంగు వేసిన చట్రం, దానికి పొడుగు వైర్లు మాత్రమే. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తుపట్టాక చెంబు అందుకుని చేతులు కడుక్కుంది. వేళ్ళ సందుల్లో పిండి పోయేదాకా కడుక్కుంది.

పైకి తీసుకుపోదామంటే మెట్లు ఇరుకు. బెంచీ మలుపు దగ్గర అడ్డం తిరిగింది. పోశన్న చెమట తుడుచుకుంటూ, "దీన్ని పైకి తోలుడు నాతోటి కాదు. రోడ్డు మీదనే పెండ్లి చేసుకోర్రి" అని గల్లీలో గోడ నీడకు దించి, పొద్దు గూకే ముందు వస్తానని వెళ్ళాడు. మరిది గిర్నికి పోయాడట, జొన్నలు పట్టించడానికి. ఇందు మాటిమాటికీ గల్లీ మొగ వైపు చూస్తోంది. వస్తే ఏమంటాడని నేను అడగలేదు.

చాయ్ తాగాం. పిల్లల సంగతులు చెప్పుకున్నాం. కొడుకు హైదరాబాద్‌లో ఏదో షోరూములో ఉన్నాడని, బిడ్డ నర్సు చదువుతోందని చెప్పింది. పెళ్ళిలో అడిగితే చెప్పే మాటల్లాగే ఉన్నాయి అన్నీ. పని మొదలుపెడితే గానీ మా మాట మాకు దొరకదని ఇద్దరికీ తెలిసినట్టుంది.

"దా మరి" అన్నది ఇందు.

నేనీ పక్క, తనా పక్క కూర్చున్నాం. పొడుగు వైర్లు నేను ఇంట్లోనే బిగించి తెచ్చాను. పచ్చ వైరు తీసి, కింద, మీద, కింద, మీద దూర్చి అవతలికి ఇచ్చాను. ఎన్నో ఏళ్ళ అలవాటుతో చూడకుండానే ఇచ్చాను.

అందుకునే చెయ్యి అక్కడ లేదు.

వైరు కొస గాలిలో ఊగింది. తల ఎత్తి చూస్తే ఇందు కుడిచెయ్యి అటు చివర నుంచి అడ్డంగా సాగి వస్తోంది. అందుకుని, ఐమూలగా గుంజింది. గడి ఒరిగింది. మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ కుడిచెయ్యే. కావాలని చేస్తోందేమోనని మొహంలోకి చూశాను. లేదు. కనుబొమలు ముడేసి శ్రద్ధగా, పలక మీద దిద్దే పిల్లలా చేస్తోంది.

"ఇందూ, నీ శెయ్యేది?"

"ఏ శెయ్యి?"

తనే తన చేతుల వైపు చూసుకుంది. ఎడమచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది.

"అదా" అన్నది. "అది మర్చిపోయిందక్కా."

వైరు కొస వేలికి చుట్టుకుంటూ చెప్పింది. సెంటర్ పెట్టిన కొత్తలో ఒకాయన రొట్టె తినడానికి వచ్చాడట. జనం ఎక్కువ ఉండి, తొందరలో ఎడమచేత్తో కూర వేసింది. "పల్లెం దొబ్బేసి లేసిండు. 'ఎడమశేత్తో పెడుతవా, నేనేమన్న కుక్కనా' అన్నడు. అందరి ముంగట. ఆయనతోటి ఇంకిద్దరు లేసిండ్రు. మీ మరిది నన్నేమనలే. ఏమన్న అంటె బాగుండు. గా పల్లెం తీసి కడిగి పెట్టిండు. అప్పటిసంది కుడిశెయ్యికి నేర్పిన. మొదట్ల మస్తు ఒలికేది. కాల్చుకున్న గూడ. ఇప్పుడు సూడు." కుడిచెయ్యి ఎత్తి చూపించింది. మణికట్టు మీద కాలిన మచ్చలు. "అన్నిటికీ ఇదే. తల దువ్వుకున్నా ఇదే. అత్త గింత కష్టపడ్డది, బట్ట కట్టింది, రాలే. గిరాకీలు నేర్పిండ్రు."

నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

మా ఇంట్లో దేవుని అర్రలో లక్ష్మీనరసింహస్వామి పటం ఉంది. రోజూ దానికే దీపం పెడతాను. అందులో అమ్మవారు స్వామి ఎడమ తొడ మీద కూర్చుని ఉంటుంది. ఇన్నేళ్ళు దండం పెట్టుకున్నాను గానీ ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. లక్ష్మిని కూర్చోబెట్టుకున్న పక్క ఎట్లా చెడ్డదైంది? ఇది పెద్దలు పెట్టిన నియమం, నాకు తెలియని కారణం ఏదో ఉంటుంది, కాదనను. కానీ ఆకలైన వాడికి అన్నం పెట్టిన చేతిని ఆ స్వామి మాత్రం తోసేస్తాడా? అడగడం తప్పయితే ఆయనే క్షమిస్తాడు.

"ఎడమ తియ్యి ఇందూ. ఒక్కసారి సూడు" అన్నాను.

తీసింది. వైరు పట్టుకుంది. రెండు గళ్ళు దూర్చేసరికి వేళ్ళు తడబడ్డాయి. కింద పోవలసిన చోట మీద పోయింది. నిద్ర లేపిన పిల్లలా ఆ చెయ్యి ఎటు పోవాలో తెలియక ఆగింది. ఇందు దాన్ని మెల్లగా ఒళ్ళోకి దించుకుంది.

"ఇడిసిపెట్టక్కా. రాదు."

గల్లీలో సైకిలు మీద మంచినీళ్ళ క్యాన్లతో ఒకడు బెల్లు కొట్టుకుంటూ పోయాడు. నేను వైరు కొస చూస్తూ కూర్చున్నాను. ఇంత దూరం మోసుకొచ్చింది దేనికి? బెంచీ అల్లించుకోవడానికైతే బోధన్‌లో మనుషులున్నారు. నాకు ఎదురుగా ఇందు కూర్చోవాలి, అంతే కదా నేను కోరింది. కూర్చుంది. చెయ్యి ఒక్కటే మారింది.

వైరును నా కుడిచేతిలో నుంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాను.

ఎడమచేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకూడదని పెరిగినదాన్ని. బిచ్చగాడికి కూడా చెయ్యి మార్చుకుని వేసేదాన్ని. ఆ చెయ్యి వైరు పట్టుకుంటే అది నాది కానట్టే ఉంది. కింద. మీద. కింద కాదు, మీద. వైరు జారింది. మళ్ళీ దూర్చాను. బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియదు. చివరికి ఎట్లాగో అవతలికి చేరింది. ఇందు కుడిచెయ్యి సూటిగా ఎదురుగా ఉంది.

"ఇగో, పట్టుకో."

ఇందు పట్టుకోలేదు. నా ఎడమచేతిని చూస్తోంది. తర్వాత నన్ను చూసింది. ముందు పెదవి బిగబట్టింది, ఆపైన ఆగలేక నవ్వింది. పిండి అంటిన కొంగుతో మొహం కప్పుకుని నవ్వింది.

"అత్త సూస్తె ఇద్దరికీ బట్ట కడుతుండె!"

"గుంజు ముందు. జారుతున్నది."

"నీకు రాదక్కా. దూడ గడ్డి పీకినట్టు పీకుతున్నవ్."

"నీకు కొత్తల వచ్చిందా? గుంజు."

గుంజింది. గడి ఒరగలేదు.

ఎంతసేపు అల్లామో తెలియదు. నా ఎడమచెయ్యి నొప్పిపెట్టింది. వరస వరసకీ వదులు, ఒక చోట బిగువు. పాత అల్లికకు ఇది పోలికే కాదు. కానీ మాటలు వచ్చాయి. అత్త చివరి రోజుల్లో ఇందునే పిలిచిందన్న మాట వచ్చింది. ఊరు విడిచిన రోజు తను పొయ్యి మీద ఎసరు అట్లాగే వదిలి వెళ్ళిపోయానన్నది. ఆ ఎసట్లో నేను బియ్యం పోశానని, ఎవరూ తినలేదని నేను చెప్పాను. అది తనకు తెలియదు.

"ఊరికి రా ఇందూ" అన్నాను. "ఇది అల్లినంక ఒక్కసారి వచ్చి దీని మీద కూసొని పో. సాలు నాకు."

ఇందు చెయ్యి ఆగలేదు. వైరు పైపుకు చుడుతూనే ఉంది.

"ఎట్లొస్త? ఆయన రాకుండ నేనొస్తె, తమ్ముడు ఓడిపోయి పెండ్లాన్ని తోలిండంటరు. బావ పిలిస్తె ఈయన వస్తడు. ఈయన వస్తె బావ పిలుస్తడు. గిట్లనే తిరుగుతుంటది అది."

"మరి మనమో?"

"మనమా?" వైరు గట్టిగా గుంజింది. "నాకు రావాలని లేదనుకున్నవా అక్కా? పొద్దుగూకే యాళ్ళకు ఈడ కూసుంటె రోడ్డు మీద బండ్లు పోతయి. చెరుకు బండ్లు కావు. అయినా పక్కకు జరిగి నీకు జాగ ఇస్త. పీట మీద ఒక్కదాన్నే ఉన్ననని యాదికొస్తది, మళ్ళ సర్దుకొని కూసుంట."

నేను ఇంకో వైరు దూర్చి అవతలికి ఇచ్చాను.

ఎండ దిగింది. గిర్ని దగ్గర రద్దీ ఏమో, మరిది ఇంకా రాలేదు. రొట్టెల కోసం జనం రావడం మొదలైంది. ఇందు చేతులు కడుక్కుని పొయ్యి ముందుకు పోయింది. నేను ఆమె పక్కన పిండి ముద్దలు చేసి ఇచ్చాను. సంచి పట్టుకున్న ఒక పెద్దాయన కాళ్ళు నొప్పులేమో, బెంచీ మీద కూర్చోబోయాడు.

"ఓ అన్నా, గటు కూసోకు! గటు ఇంక బొందనే ఉన్నది!" అని అరిచింది ఇందు.

"అల్లిన దిక్కే కూసుంట తియ్యి" అని ఆయన జాగ్రత్తగా ఒక చివర సర్దుకున్నాడు. "ఎవలల్లిండ్రమ్మా? జర వదులున్నది."

"మా అక్క. కొత్తగ నేర్సుకుంటున్నది."

పోశన్న వచ్చేసరికి బెంచీ సగమే అయింది. వీపు వైపు ముట్టుకోనే లేదు. ట్రాలీ తలుపు దించి, "ఎక్కిద్దమా చెల్లె? మబ్బు వడుతున్నది, తొందరగ" అన్నాడు.

ఇందు ఒక చివర పట్టుకుంది. నేను ఇంకో చివర పట్టుకున్నాను. ఇద్దరం లేపాం. ట్రాలీ నా వెనక ఉంది. మెట్లు ఇందు వెనక ఉన్నాయి. ఒక్క క్షణం ఎవరమూ కదలలేదు. తర్వాత ఇందు వెనక్కి అడుగేసింది. ఇంకో అడుగు. నేను ఆమె వెంట నడిచాను. మెట్ల కింద, పిండి డబ్బాల పక్కన, బెంచీని దించాం. మిగిలిన వైరు కట్టలు ఇందు తీసి దాని మీదే పెట్టింది.

"బజారు బందున్న రోజు రా" అన్నది.

పోశన్న తలుపు మూసుకుంటూ, "వచ్చేటప్పుడు చట్రం తెచ్చినవ్, పోయేటప్పుడు అల్లిక గూడ ఇడిసినవ్. నీ బేరం మంచిగున్నది" అన్నాడు. దారంతా వాగుతూనే ఉన్నాడు. నేను వినలేదు. బోధన్ రోడ్డుకు రెండు పక్కలా వరి మళ్ళు, నీళ్ళలో మబ్బులు. బెంచీని తీసుకుపోయి ఇందును తెచ్చుకుందామనుకున్నాను. ఇందు రాలేదు, బెంచీ రాలేదు. పోగొట్టుకుని వస్తున్నానా, అక్కడ ఏమైనా దాచుకుని వస్తున్నానా, స్వామికే తెలియాలి.

మా ఆయన పొలం నుంచి వచ్చి వాకిట్లో ఆగాడు. బెంచీ ఉండే చోట గచ్చు మీద నాలుగు తుప్పు మచ్చలున్నాయి.

"ఏదీ?" అన్నాడు.

"ఇందు దగ్గర ఉన్నది. సగమే అయింది."

ఆ పేరు మా ఇంట్లో వినబడి చాలా కాలమైంది. అతను తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"నీడకు పెట్టిండ్రా?"

"మెట్ల కింద పెట్టినం."

"వాన కొడుతదా ఆడికి?"

"కొట్టది."

ఒక మచ్చను చెప్పుతో రుద్దాడు. "సగం అల్లి ఇడిసిపెట్టొద్దు. అల్లింది గూడ సడలుతది" అన్నాడు. చెప్పులు విడిచి, మళ్ళీ ఆగాడు. "మళ్ళ ఎప్పుడు పోతవ్?"

"బజారు బందున్న రోజు రమ్మన్నది."

"చెప్పు పోయేటప్పుడు. పొలంల పని లేకుంటే..."

అక్కడితో ఆపి, కాళ్ళు కడుక్కోవడానికి గోలెం దగ్గరికి నడిచాడు. నేను చెంబు పట్టుకుని వెనకే పోయాను, ఇంకేమైనా అంటాడేమోనని.